నవ్వుల మేళము: లండను బోంజో డాగ్ బృందము

రాక్ సంగీతమన్న పేరు వినబడగానే మన యిండ్లలోని పెద్దలు రేడియో మీట త్రిప్పివేయుట వాడుక. వారిని తప్పుపట్టుటకు నేను పూనుకొనలేదు. ఆ సంగీతములో చెవులు దిమ్మెరపోవు మ్రోత కలదు. తమ్ము తాము మిక్కిలి గొప్పవారినిగా భావించుకొను గాయకుల ధోరణియు కలదు. అయితే ఆ ధోరణిని చూచి పగలబడి నవ్వినవారు పెద్దలు మాత్రమే కారు. ఆ వేదికమీదనే నిలిచి, ఆ వాద్యములనే చేతబట్టి, ఆ పాటలనే పాడుచు నవ్వినవారు కొందరు గలరు. లండను నగరపు చిత్రకళాశాలలలో పుట్టి, పానశాలల వెనుకగదులలో పెరిగి, ఎనిమిదేండ్లు నిండకమునుపే విడిపోయిన 'బోంజో డాగ్ డూ-డా బ్యాండు' అను బృందము అట్టిది. వారి పాట బ్రిటిషు విక్రయ పట్టికలో పైమెట్ల కెక్కినది ఒక్కసారి మాత్రమే. వారి ప్రదర్శనమును చూచినవారు మాత్రము దానిని ఏండ్ల తరబడి చెప్పుకొనుచునే యుండిరి.

ఈ కథ ఒక ప్రసారముతో మొదలగుట రేడియో శ్రోతలకు ముచ్చటగా నుండును. 1962 సెప్టెంబరులో అమెరికాలోని షికాగో నగరమున ఫ్లాయిడ్ పాటర్సన్, సోనీ లిస్టన్ అను మల్లురకు ముష్టియుద్ధము జరిగెను. అట్లాంటికు సముద్రము దాటి వచ్చిన ఆ ప్రసారమునకై దక్షిణ లండనులోని యొక బసలో కొందరు కళావిద్యార్థులు మేలుకొని కూర్చుండిరి. వారిలో రాడ్నీ స్లేటర్ అనువాడు సాక్సఫోను, క్లారినెట్టు వాయించువాడు. వివియన్ స్టాన్షల్ అనువాడు 'ట్యూబా' అను పెద్ద కొమ్ముబూర ఊదువాడు. యుద్ధము మొదటి సుట్టులోనే, రెండు నిమిషములు దాటగానే, పాటర్సన్ నేలకూలుటతో ముగిసిపోయెను. రాత్రి యింకను చాల మిగిలియుండెను. ఆ మిగిలిన రాత్రి ఆ యిద్దరిని స్నేహితులను చేసెను.

ఆ దినములలో బ్రిటను చిత్రకళాశాల అనగా నేమో కొంచెము చెప్పవలెను. పరీక్షల మెట్లు సక్రమముగా ఎక్కలేక, కార్ఖానాలో చేర మనసొప్పక, చేతిలో కుంచెయో పెన్సిలో పట్టుకొని తిరుగు యువకులకు అది ఆశ్రయము. బొమ్మలు గీయుట నేర్చిరో లేదో గాని అక్కడ గిటారు నేర్చినవారు లెక్కకు మిక్కిలి. బీటిల్సు బృందపు జాన్ లెనన్ లివర్‌పూలు కళాశాలలోను, రోలింగ్ స్టోన్సు కీత్ రిచర్డ్స్ సిడ్‌కప్పులోను, 'ది హూ' బృందపు పీట్ టౌన్‌షెండ్ ఈలింగులోను చదివినవారే. వారందరు అమెరికా నీగ్రోల 'బ్లూసు' సంగీతమువైపు చూచిరి. బోంజోలు మాత్రము వెనుకకు, తమ తాతల కాలమువైపు చూచిరి.

ఆ చూపులోను వారు మొదటివారు కారు. 1920ల నాటి నాట్యశాలల పాటలను, ఆ నాటి దుస్తులతో, మెగాఫోను గొట్టము నోటికి పట్టుకొని పాడు 'టెంపరెన్స్ సెవెన్' అను బృందము చెల్సీ కళాశాలలో అంతకుముందే పుట్టెను. వారి పాట ఒకటి 1961లో బ్రిటనులో మొదటి స్థానము నందుకొనెను. తరువాత బీటిల్సు పాటలను రికార్డు చేయించి ప్రఖ్యాతిగాంచిన జార్జి మార్టిన్‌కు మొదటి స్థానము మొట్టమొదట దక్కించినది ఆ పాటయే. అయితే టెంపరెన్స్ సెవెన్ వారిది మర్యాదగల హాస్యము. కళ్లజోడు సవరించుకొని పెదవి చివర నవ్వు నవ్వునట్టిది. స్టాన్షల్, స్లేటరులకు ఆ మర్యాద చాలలేదు.

పేరు పెట్టుకొనిన తీరును బట్టి వారి స్వభావమును గ్రహింపవచ్చును. 1916లో, మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగా, స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమున కొందరు కవులు, చిత్రకారులు చేరి 'డాడా' అను ఉద్యమమును లేవదీసిరి. బుద్ధిమంతులమని చెప్పుకొను ప్రభువులు లక్షలమందిని చంపించుచుండగా బుద్ధిలేని మాటలు పలుకుటయే కళకు మిగిలిన ధర్మమని వారి వాదము. హ్యూగో బాల్ అను కవి అట్టముక్కల గొట్టములు తొడుగుకొని అర్థములేని శబ్దములను కవిత్వముగా చదివెను. ట్రిస్టన్ జారా అను మరియొక కవి వార్తాపత్రికను ముక్కలుగా కత్తిరించి, సంచిలో కలిపి, చేతికి వచ్చిన వరుసలో పేర్చినచో కవితయగునని బోధించెను. మన విద్యార్థులు ఆ బోధ ననుసరించి కాగితముల మీద మాటలు వ్రాసి, చించి, కలిపి చూచిరి. 'బోంజో డాగ్ డాడా బ్యాండు' అని వచ్చెను. బోంజో అనునది జార్జి స్టడ్డీ అను చిత్రకారుడు 1920లలో గీసిన కుక్కపిల్ల బొమ్మ. ఆంగ్లేయుల యిండ్లలో పోస్టుకార్డుల మీద వెలసిన గారాబు కుక్క. ఒకవైపు కుక్కపిల్ల, ఒకవైపు డాడా. కొన్నాళ్లకు, డాడా యన నేమని అడిగిన ప్రతివానికి వివరించి వివరించి విసిగి, దానిని 'డూ-డా' అని మార్చుకొనిరి. చదువుకొన్న మాటను అర్థము లేని మాటగా మార్చినచో జనులు ప్రశ్నించుట మానిరట! ఇదియు డాడాయే కదా యని నాకు తోచును.

పాటలు వారికి ఎచ్చటినుండి వచ్చెను? సంతలలో, చర్చి ఆవరణములలో జరుగు పాతసామానుల అమ్మకములలో, నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత లక్క రికార్డులు కుప్పలుగా దొరకెడివి. మన దేశమున అట్టి రికార్డులు 1960ల చివరివరకు వెలువడుచునే యుండెను గాని, బ్రిటనులో ఆ దశాబ్దము ఆరంభము నాటికే వాని ముచ్చట తీరిపోయినది. ఎవరికిని అక్కరలేని ఆ పళ్ళెములను వీరు అగ్గువకు కొని తెచ్చి వినిరి. గొరిల్లాల మీద, జుట్టు నూనెల మీద, మూగచిత్రములు పోయి మాటలు వచ్చిన వింతమీద 1920, 30లలో ఎవరో వ్రాసి పాడి మరచిపోయిన పాటలు వారికి దొరకెను. పరిహసించుటకే మొదలిడిరేమో గాని, పాడగా పాడగా వానిమీద ప్రేమ పుట్టెను. వారి హాస్యములో తిరస్కారముకన్న ఆపేక్ష యెక్కువగా వినబడుటకు కారణ మిదియే యని నా నమ్మిక.

క్రమముగా బృందము పెరిగెను. గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో చిత్రకళ నభ్యసించుచు, చిన్ననాడే పియానో నేర్చిన నీల్ ఇనిస్ వచ్చెను. స్వరముల జ్ఞానము సరిగా గలవాడు అతడు. వెర్నన్ డడ్లీ బోహే-నోవెల్ అనువాడు బాంజోతో పాటు వడ్రంగి రంపమును కూడ కమానుతో వాయించెను. మార్టిన్ యాష్ చెంచాలు వాయించి వాయించి 'సామ్ స్పూన్స్' అను పేరు తెచ్చుకొనెను. లారీ స్మిత్ డోళ్లు వాయించుట కన్న ఇనుపనాడెముల బూట్లతో నృత్యమాడుటలో నేర్పరి కావున అతనికి 'లెగ్స్' అనగా 'కాళ్ల' లారీ అని పేరు స్థిరపడెను. ప్రసిద్ధ చిత్రకారుడు రస్కిన్ స్పియర్ కుమారుడు రోజర్ రస్కిన్ స్పియర్ సాక్సఫోను వాద్యముతో పాటు వెల్డింగు పనిముట్లను కూడ వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పనిముట్లే బృందము రూపును మార్చినవి.

ఇక వారి ప్రదర్శనము. దక్షిణ లండనులోని పానశాలలలో, అనగా కార్మికులు, గుమాస్తాలు సాయంకాలము బీరు త్రాగుచు కూర్చుండు శాలలలో, ఒక మూలనున్న చిన్న వేదిక. దానిమీద ఎనమండుగురో తొమ్మండుగురో కిక్కిరిసి నిలువబడి యుందురు. ఒకడు పెండ్లికొడుకు కోటులో, మరియొకడు ఆడుదాని రవికెలో. వారి నడుమ స్పియర్ చేసిన మరబొమ్మలు: పాత యంత్రముల భాగములతో, దుకాణపు అద్దాల వెనుక దుస్తులు తొడిగి నిలుపు బొమ్మల అవయవములతో కూర్చిన వింత మూర్తులు. కొన్ని బుడగలు ఊదెడివి. కొన్ని పొగ చిమ్మెడివి. కొన్ని సరియైన క్షణమున ప్రేలెడివి, కొన్ని తప్పు క్షణమున ప్రేలెడివి. అట్టి బొమ్మ కాలొకటి తీసి దానిలో 'థెరెమిన్' అను విద్యుద్వాద్యము నమర్చెను స్పియర్. థెరెమిన్ ముట్టుకొనకుండ గాలిలో చేయి ఆడించినచో పలుకు రష్యను వాద్యము. గంభీరముగా వేదికమీద నిలిచి ఆడుబొమ్మ మోకాలి చుట్టు చేయి త్రిప్పుచు అతడు రాగాలాపన చేయుచుండగా కడుపుబ్బ నవ్వనివారు లేరు.

ఇంతలో ఒక వాద్యగాడు తన తలమీదుగా అట్టతో చేసిన పెద్ద బుడగ నొకటి పట్టుకొనును. హాస్యచిత్రముల పత్రికలలో బొమ్మల నోటి మాటలను వ్రాయు బుడగ వంటిది. నిజముగా మనిషి తలపై వ్రేలాడుచున్న మాటలు! పాట నడుమ లారీ స్మిత్ డోళ్లు విడిచి ముందునకు వచ్చి, ముఖమున చిరునవ్వు చెదరనీయక, ఇనుపబూట్లతో టకటకలాడించి పోవును. స్టాన్షల్ బంగరు జలతారు కోటు తొడిగి, పెదవి ఒకవైపు వంకరగా పెట్టి, అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వలె తొడలు ఊపుచు ప్రేమగీతము పాడును. పాట పతాకస్థాయి నందుకొనగానే ఇనిస్ గిటారు మీద ఏకవాద్యము మొదలిడును. అది ఒక్క స్వరమైనను సరియైన చోట పడని వాద్యము. వినువారికి మొదట అనుమానము కలుగును: వీనికి వాయించుట రాదా? క్షణము గడచిన పిమ్మట తెలియును, ఇన్ని తప్పులు ఇంత నిర్దుష్టముగా చేయుటకు ఎంత సాధన కావలెనో. మన సభలలో అపస్వరము పలికినవానిని చూచి నవ్వుదుము గాని, అపస్వరమును శ్రుతిచేసి పలికినవాని విద్వత్తును తూచుటకు మనకు తక్కెడ లేదు.

తెలంగాణపు పల్లెలలో పిట్టలదొరను చూచినవారికి ఇట్టి విద్య బొత్తిగా క్రొత్త కాదు. పాత ఖాకీ దుస్తులు, తలపై టోపీ, భుజమున కొయ్య తుపాకి ధరించి, తానే జిల్లా నంతటిని ఏలుచున్న దొరనని కోతలు కోయు ఆ కళాకారుడు దొరలను చూచి నవ్విన తీరులోనే, స్టాన్షల్ తన దేశపు దొరతనమును ఒంటికి తొడుగుకొని నవ్వెను. అతని బాల్యము ఇందులకు తోడ్పడెను. ఇంటిలో తండ్రి పెద్దమనుషుల ఉచ్చారణమునే మాటాడవలెనని పట్టుబట్టెను. వీధిలోని తోటిపిల్లలది లండను కూలిజనుల యాస. గడప దాటినప్పుడెల్ల నాలుక మార్చుకొనిన బాలునికి, ఉచ్చారణ మనునది కూడ ఒక వేషమే యని చిన్ననాడే తెలిసిపోయెను.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆ తరమువారందరికి రేడియో గురుస్థానము. 1951 మొదలు 1960 వరకు బి.బి.సి. ప్రసారము చేసిన 'గూన్ షో' అను హాస్యకార్యక్రమమును వినుచు పెరిగినవారు వారు. దానిని వ్రాసిన స్పైక్ మిల్లిగన్ 1918లో మన దేశమున, అహమ్మదునగరములో, సైనికోద్యోగి యింట పుట్టినవాడు. కంటికి కనబడని శ్రోతలకు శబ్దముతోనే అసాధ్యమైన దృశ్యములు చూపవచ్చునని అతడు నిరూపించెను. బోంజోలు దానిని తలక్రిందులు చేసి, చెవితో వినదగిన పాటకు కంటితో చూడదగిన పిచ్చి నంతయు చేర్చిరి.

1966 నాటికి చదువులు ముగిసి, ఇదే వృత్తియని నిశ్చయించుకొని, ఉత్తర ఇంగ్లండులోని కార్మికుల క్లబ్బులకు ప్రయాణములు సాగించిరి. ఒక వ్యానులో మనుషులు, మరబొమ్మలు, వాద్యములు. ఆ క్లబ్బులలో సభ్యులకు అంకెల జూదమే ప్రధానము, ఆటపాటలు దాని నడుమ కాలక్షేపము. కళాశాలలో నవ్వుట సులభము. రోజంతయు గనిలోనో మిల్లులోనో పనిచేసి వచ్చినవానిని నవ్వించుట కష్టము. అక్కడ వారు బ్రతికి బట్టకట్టిరన్న, డాడా వాదము వలన కాదు, ప్రేలుడుల వలనను కాళ్ల లారీ వలనను అని చెప్పుకొనవలెను. ఆ యేడే వారి మొదటి రికార్డులు రెండు వెలువడి, ఎవరి చెవినను పడక మాయమయ్యెను.

ఆ సంవత్సరముననే వారికి గట్టి దెబ్బ తగిలెను. జెఫ్ స్టీఫెన్స్ అను పాటల రచయిత 1920ల ధోరణిలో 'వించెస్టర్ కెథీడ్రల్' అను పాటను వ్రాసి, కూలికి వాయించు వాద్యగాండ్రతో రికార్డు చేయించి, 'న్యూ వాడెవిల్ బ్యాండు' అను లేని బృందము పేర విడుదల చేసెను. పాట ఊహింపని విధముగా ప్రాకిపోయెను. అమెరికాలో మొదటి స్థానము; ఆపైన గ్రామీ బహుమానము. బృందమేది యని జనులు అడుగసాగిరి. లేని బృందమును చూపుటకు అతనికి మనుషులు కావలసివచ్చి బోంజోలను అడిగించెను. మేము మేమే, మరియొకరి పేరు మాకేల యని వారు నిరాకరించిరి. బాకా వాయించు బాబ్ కెర్ ఒక్కడు మాత్రము వెళ్లెను. కొన్నాళ్లకు టెలివిజనులో ఆ క్రొత్త బృందము కనబడెను. అవే కోట్లు, అవే చేష్టలు, అదే వాలకము! పానశాలలలో ఏండ్ల తరబడి వీరు పండించుకొనిన పంట మరియొకరి గాదెలో చేరెను. అంతటినుండి వీరు వేదిక ఎక్కినచోట నెల్ల, ఈ బృందము న్యూ వాడెవిల్ వారిని అనుకరించుచున్నదని ప్రేక్షకులు చెప్పుకొనసాగిరట. మూలమును నకలుగా, నకలును మూలముగా లోకము తారుమారు చేయుట క్రొత్తకాదు గాని, అనుభవించువానికి అది ఎప్పుడును క్రొత్తదే.

వారు కోర్టు కెక్కలేదు, ఏడ్చుచు కూర్చుండలేదు. పాత పాటలు మాయందుండి తీసికొనిరి గనుక మేము ఇక క్రొత్త పాటలు వ్రాసుకొందుమనిరి. ఈ నిశ్చయమువలన స్టాన్షల్, ఇనిస్ ఇరువురు రచయితలైరి. పాతకాలపు మేళము రాక్ బృందముగా మారెను. దొంగతనము జరుగకున్నచో బోంజోలు జీవితాంతము తాతలనాటి పాటలే పాడుకొనుచుండెడివారేమో.

1967 చివర వెలువడిన 'గొరిల్లా' అను వారి మొదటి దీర్ఘ రికార్డులో పాతదియు క్రొత్తదియు ప్రక్కప్రక్కనే వినవచ్చును. దానిలో 'ది ఇంట్రో అండ్ ది అవుట్రో' అను ఖండిక వారి ప్రతిభకు మేటి నిదర్శనము. జాజ్ కచేరీలలో ఆరంభమున వాద్యగాండ్రను ఒక్కొక్కరినే సభకు పరిచయము చేయుట ఆచారము. స్టాన్షల్ మధురమైన ప్రకటనకర్త గొంతుతో తన బృందమువారిని పరిచయము చేయుట మొదలిడును. వారి పేర్లు అయిపోయినను ఆగడు. సినిమా వీరుడు జాన్ వేన్ జైలఫోను వాయించుననును; అడాల్ఫ్ హిట్లరు వైబ్రాఫోను వాయించుననును; ఫ్రాన్సు అధ్యక్షుడు జనరల్ డిగాల్ అకార్డియను వాయించుననును. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క వాద్యము నిజముగానే వచ్చి చేరుచుండును. పరిచయము ముగియక మునుపే రికార్డు ముగిసిపోవును. కచేరీ మొదలే కాదు. రేడియో ప్రకటనకర్తగా పనిచేసిన వారెవరైనను దీనిని విని, తమ గొంతును తాము విన్నట్లు కొంచెము సిగ్గుపడుదురు.

అప్పటికి బీటిల్సు వారు వీరిని గుర్తించిరి. 'మ్యాజికల్ మిస్టరీ టూర్' అను తమ టెలివిజను చిత్రములో వీరికి ఒక దృశ్యము నిచ్చిరి. లండనులోని సోహో ప్రాంతపు ఒక నాట్యశాలలో స్టాన్షల్ 'డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ' అను పాటను ఎల్విస్ పద్ధతిలో పాడుచుండగా తీసిన దృశ్యమది. బి.బి.సి. దానిని 1967 డిసెంబరు 26వ తేదీన ప్రసారము చేసెను. రంగులలో తీసిన చిత్రము నలుపుతెలుపులలో కనబడుటచే ప్రేక్షకులు పెదవి విరిచిరి. అదే దినమున మరియొక సంస్థ ప్రసారము చేసిన బాలల హాస్యకార్యక్రమములో కూడ బోంజోలు మొదటిసారి కనబడిరి. దాని పేరు 'డూ నాట్ అడ్జస్ట్ యువర్ సెట్'. అనగా, మీ పెట్టె మీటలు త్రిప్పకుడు, లోపము మాదే, అని ప్రసారము చెడినప్పుడు చేయు విన్నపము. ఆ కార్యక్రమములో నటించిన ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ అనువారును, తరువాత బొమ్మల చిత్రములతో వచ్చి చేరిన టెర్రీ గిలియమ్ అను అమెరికనుడును, మరి యిద్దరితో కలసి 1969 అక్టోబరులో 'మాంటీ పైథాన్' అను ప్రసిద్ధ హాస్యప్రదర్శనమును ప్రారంభించిరి. పేలవమైన ముగింపు మాట కొరకు ఎదురు చూడకుండ, ఒక పిచ్చినుండి మరియొక పిచ్చికి దుమికి పోవుట వారు బోంజోల ప్రక్కన నిలిచి చూచిన పద్ధతియే.

వీరికి విజయము తెచ్చిన పాట ఇనిస్ వ్రాసిన 'ఐయామ్ ది అర్బన్ స్పేస్‌మన్'. రికార్డింగు గదిలో తమకు చాలినంత సమయము నీయరని స్టాన్షల్ బీటిల్సు పాల్ మెకార్ట్‌నీతో మొరపెట్టుకొనగా, నేను వచ్చి చేయింతునని అతడు వచ్చెను. స్టాన్షల్ తోటకు నీరు కట్టు రబ్బరు గొట్టమునకు బాకా మొన తగిలించి, గిరగిర త్రిప్పుచు ఊదెదననెను. అది మైకునకు అందదని అక్కడివారు తలయూపిరి. గదికి నాలుగు మూలల నాలుగు మైకులు పెట్టుడని మెకార్ట్‌నీ చెప్పెనట! ఇనిస్ ఈ ముచ్చటను పలుమార్లు చెప్పుకొనెను. 1968లో వెలువడిన ఆ పాట బ్రిటనులో అయిదవ స్థానము చేరెను. చేయించినవాని పేరు మాత్రము రికార్డు మీద 'అపోలో సి. వెర్ముత్' అని మారుపేరుగా నుండెను. బీటిల్సు పేరు కనబడినచో పాట దానివలననే అమ్ముడుపోయెనందురని బోంజోలు కోరిన కోరిక యది. ఒకసారి దోపిడికి గురియైన వారికి, ఈసారి వచ్చిన గౌరవమైనను తమదే కావలెనను పట్టుదల సహజము.

1969లో వెలువడిన వారి దీర్ఘ రికార్డునకు 'కీన్షమ్' అని పేరు. ఈ పేరు వెనుక నున్న కథ రేడియో గృహస్థులు తప్పక వినవలసినది. 1950లలో బి.బి.సి. అధికారికముగా అందింపని పాటలకొరకు ఆంగ్ల యువకులు రాత్రులు రేడియో లక్సెంబర్గు పట్టుకొనెడివారు. మన దేశమున 1952 తరువాత సినిమా పాటలకొరకు రేడియో సిలోను త్రిప్పుకొనినట్లే! ఆ కేంద్రమునుండి హొరేస్ బాచిలర్ అను పెద్దమనిషి, ఫుట్‌బాలు పందెములలో గెలుచు ఉపాయమును అమ్ముచు ప్రకటనలు చేసెడివాడు. డబ్బు పంపవలసిన ఊరు బ్రిస్టలు వద్దనున్న కీన్షమ్. శ్రోతలు తప్పు వ్రాయకుండుటకు అతడు ఆ పేరులోని అక్షరములను ఒక్కొక్కటిగా, సాగదీసి, ప్రతి రాత్రియు చెప్పెడివాడు. పాటలు మరచినవారు కూడ ఆ అక్షరములను మరువలేదు. చూడని ఆ ఊరు ఒక తరమువారి చెవులలో మంత్రమై నిలిచెను. బోంజోలు దానిని తమ రికార్డు నెత్తిన పెట్టిరి.

అప్పటికే అలసట కనబడుచుండెను. అమెరికా పర్యటనలు, నిద్రలేని ప్రయాణములు, కూలిన మరబొమ్మలు, లెక్క తేలని జమాఖర్చులు. వేదికమీద భయమెరుగని స్టాన్షల్ తెరవెనుక ఆందోళనతో కుమిలిపోయెడివాడు. వైద్యులిచ్చిన శాంతిమాత్రలకు, మద్యమునకు బానిసయై జీవితాంతము వానితో పోరాడెను. 1970 మార్చిలో లఫ్‌బరో పట్టణమున ఆఖరి ప్రదర్శనము నిచ్చి బృందము విడిపోయెను. ఒప్పందము తీర్చుటకు 1972లో ఒక రికార్డు చేసిరి గాని దానిని గురించి చెప్పవలసినది తక్కువ.

వేదిక పోయిన పిమ్మట స్టాన్షల్ మరల రేడియోను ఆశ్రయించెను. 1971లో బి.బి.సి. ప్రకటనకర్త జాన్ పీల్ సెలవుపై వెళ్లినప్పుడు అతని స్థానమున కార్యక్రమము నడిపెను. 1975 నుండి పీల్ కార్యక్రమములోనే 'రాలిన్సన్ ఎండ్' అను కథాపరంపరను ప్రసారము చేసెను. పాడుబడిన పెద్ద భవనము. అందులో సర్ హెన్రీ అను తాగుబోతు జమీందారు. ప్రపంచయుద్ధము ఎన్నడో ముగిసినను తన తోటలో జర్మను ఖైదీల శిబిరము నొకటి సరదాకు నడుపుకొనుచుండును. అతని సోదరుని ప్రేతము లాగు లేక భవనమంతయు తిరుగును. పాత్రలన్నిటికిని గొంతు స్టాన్షలుదే. తండ్రి నేర్పిన దొరల ఉచ్చారణమును, వీధి నేర్పిన యాసను ఒక్కడే మార్చి మార్చి పలికెను. 1978లో అది రికార్డుగాను, 1980లో ట్రెవర్ హోవర్డు కథానాయకుడుగా చలనచిత్రముగాను వచ్చెను. చలనచిత్రముకన్న రేడియో రూపమే నాకు మిన్నగా తోచును. కంటికి కనబడిన భవనము ఎంత శిథిలమైనను, చెవితో విని కట్టుకొనిన శిథిలము ముందు క్రొత్త మేడ వలె నుండును.

ఆ గొంతు నెరుగనివారు కూడ ఒకచోట దానిని వినియుందురు. 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబ్యులర్ బెల్స్' అను దీర్ఘ వాద్యసంగీతమును రికార్డు చేసెను. ప్రపంచమంతట ప్రాకిన ఆ రికార్డు మొదటి పార్శ్వపు చివర, ఒక్కొక్క వాద్యము వచ్చి చేరుచుండగా దాని పేరు చెప్పునట్టి గంభీర కంఠము స్టాన్షలుదే. 'ది ఇంట్రో అండ్ ది అవుట్రో'లో పరిహాసముగా చేసిన పనినే ఇక్కడ గంభీరముగా చేసెను. ఒకే గొంతు, ఒకే పని. వినువాడు ఒకచోట నవ్వును, మరియొకచోట ఒడలు పులకరించును.

స్టాన్షల్ 1995 మార్చి 5వ తేదీన ఉత్తర లండనులోని తన బసలో అగ్నిప్రమాదమున మరణించెను. అప్పటి కతని వయస్సు 51 ఏండ్లు. ఇనిస్ మాంటీ పైథాన్ వారికి పాటలు కట్టుచు, 1978లో బీటిల్సు కథను పరిహసించు 'రట్ల్స్' చిత్రమునకు వారి పాటలవలెనే తోచునట్టి, అయినను వారివి కానట్టి పాటలు అల్లుచు పేరొందెను. అమెరికాలో 1997లో పుట్టిన ఒక యువబృందము వీరి పాట పేరు 'డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ'నే తన పేరుగా పెట్టుకొనెను. ఆ బృందపు పాటలలో హాస్యము వెదకినను దొరకదు. దీనికి స్టాన్షల్ ఏమనియుండెడివాడో!

2006 జనవరి 28వ తేదీన లండను అస్టోరియా శాలలో మిగిలిన బోంజోలు మరల ఒక వేదికమీద కలసిరి. తల నెరసిన స్లేటర్ సాక్సఫోను, స్పియర్ మరబొమ్మలు, కాళ్ల లారీ, న్యూ వాడెవిల్ వారితో వెళ్లిపోయిన బాబ్ కెర్ కూడ. స్టాన్షల్ పాడిన పాటలను ఒక్కడు పాడలేదు. స్టీఫెన్ ఫ్రై, ఏడ్రియన్ ఎడ్మండ్సన్, ఫిల్ జూపిటస్, పాల్ మెర్టన్ అను నలుగురు హాస్యనటులు పంచుకొని పాడిరి. ఆ శాలను తరువాత భూగర్భ రైలుమార్గము కొరకు పడగొట్టిరి. ఇనిస్ 2019 డిసెంబరులో ఫ్రాన్సులో కన్నుమూసెను. స్పియర్ బొమ్మకాలిలో పలికిన థెరెమిన్ రాగము మాత్రము రికార్డులలో నిలిచియున్నది. వినువారికి అది కాలని తెలియదు.